కారు ఇంజిన్: తుడవాలా, కడగాలా, గన్‌తో కొట్టించాలా? నీళ్ళు పడి మిస్సింగ్ వస్తే ఏది ముందు చేయాలి?

దసరా దగ్గర పడిందంటే తిరుపతిలో ఏ వాటర్ సర్వీసింగ్ సెంటర్ ముందు చూసినా కార్లు వరుస కట్టి ఉంటాయి. ఆయుధ పూజకు బండి తళతళలాడాలి మరి. బాడీకి ఫోమ్ కొట్టి, కింద మట్టంతా వదిలించాక అక్కడి కుర్రాడు బానెట్ ఎత్తి, గన్ చేతిలో పట్టుకునే "ఇంజిన్ కూడా కొట్టేదా సార్?" అంటాడు. మనం ఫోన్‌లో మాట్లాడుతూ తల ఊపేస్తాం. మర్నాడు పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి కొండకు బయల్దేరితే అలిపిరి చెకింగ్ క్యూలో ఉండగానే స్టీరింగ్ వణుకుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ ఉండదు, ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటుంది.

ముందే చెప్పేస్తాను. ఎక్కువ మంది కార్లకు ఇంజిన్ మీద నీళ్ళు పోయాల్సిన అవసరమే రాదు, బ్రష్షూ తడిగుడ్డా చాలు. నీళ్ళు తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటికి మామూలు కుళాయి పైపే చాలు. ప్రెషర్ గన్ మాత్రం ఏ సందర్భానికీ వద్దు. మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్ సరిగా మండక ఇంజిన్ వణకడం) వస్తే వెంటనే కాయిల్స్ (ప్లగ్గుకు కరెంటు పుట్టించే భాగాలు) కొనకండి, ముందు నీళ్ళు ఎక్కడ నిలిచాయో చూసి ఆరబెట్టండి.

ఇంజిన్ మీద దుమ్ముంటే మైలేజీ పడిపోతుందని, వేడెక్కుతుందని చెప్పేవాళ్ళున్నారు. ఇంజిన్‌ను చల్లబరిచేది రేడియేటర్. దాని రెక్కల్లో మట్టి, పురుగులు పేరుకుంటే వేడెక్కడం నిజమే, కానీ పైన కవర్ మీద ఎర్రమట్టి పొర ఉంటే ఏమీ కాదు. చిత్తూరు వైపు గ్రానైట్ క్వారీ దారుల్లో తిరిగే బళ్ళ బానెట్ ఎత్తి చూడండి, రంగే కనపడదు, అయినా ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉన్నాయి.

శుభ్రం చేయడానికి సరైన కారణాలు వేరే ఉన్నాయి. ఆయిల్ కారుతుంటే ఎక్కణ్ణుంచో తెలియాలంటే పాత జిడ్డు పోవాలి. జిడ్డూ ఎండుటాకులూ కలిసి ఎగ్జాస్ట్ పక్కన చేరితే మంట అంటుకునే ప్రమాదం ఉంది. ఎలుకలు కాపురం పెట్టాయంటే ఇంక అడగక్కర్లేదు. అమ్మకానికి పెట్టినప్పుడు కూడా కడిగిస్తారనుకోండి. మీరు కొనేవాళ్ళైతే మరీ మెరిసిపోతున్న పాత ఇంజిన్‌ను కాస్త అనుమానంగానే చూడండి, లీకేజీ గుర్తులు కూడా ఆ నీళ్ళతోనే కొట్టుకుపోయి ఉంటాయి.

ఏ పద్ధతి ఎవరికి

పొడిగా తుడవడం. చల్లారిన ఇంజిన్, రెండంగుళాల పెయింటు బ్రష్, సందుల్లోకి పాత టూత్ బ్రష్, వాక్యూమ్ క్లీనర్ ఉంటే అదీ. రాలిన ఆకులు ఏరేయడం, దుమ్ము దులపడం, అంతే. పెట్రోలైనా డీజిలైనా హైబ్రిడ్ అయినా దీంతో భయం లేదు. అద్దం కింద వైపర్ల దగ్గర ప్లాస్టిక్ జాలీ ఉంటుంది చూశారా, దాని కింద నీళ్ళు పోయే దారి ఉంటుంది. వేపచెట్టు కిందో కానుగ చెట్టు కిందో బండి పెట్టేవాళ్ళకు అది ఆకులతో మూసుకుపోతుంది. అప్పుడు వాననీళ్ళు పక్కకు పోకుండా కొన్ని బళ్ళలో నేరుగా ఇంజిన్ వెనక భాగం మీదే కారతాయి. "నేను ఇంజిన్ కడగనే లేదు, వాన పడితే మిస్సింగ్ వస్తోంది" అనేవాళ్ళు ముందు ఈ దారి చూసుకోవాలి.

ఒక్క మినహాయింపు: ఎలుకల పెంట, ఉచ్చ ఉంటే గాలి కొట్టకండి, పొడిగా దులపకండి. ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు, ఎలుకల ఉచ్చ వల్ల లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వస్తాయి. గ్లవ్స్, మాస్క్ వేసుకుని, క్రిమినాశిని చల్లి తడిపి, కాసేపు ఆగి గుడ్డతో ఎత్తి పారేయాలి.

తడిగుడ్డ, క్లీనర్. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి. నీళ్ళలో కలిపే రకం డీగ్రీజర్‌నో ఆల్ పర్పస్ క్లీనర్‌నో గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి, నేరుగా ఇంజిన్ మీద కొట్టకూడదు. జిడ్డు మొండిగా ఉన్నచోట బ్రష్‌తో రుద్ది, మరో తడిగుడ్డతో మందు పోయేలా తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఒక ఆదివారం పొద్దున్న సరిపోతుంది. నడుం నొప్పి పుడుతుంది, అది తప్ప నష్టం లేదు. బట్టల సోడా పౌడర్ లాంటి ఘాటు క్షారాలు వద్దు, అల్యూమినియం భాగాలు నల్లబడతాయి. చివర్లో మెరుపు కోసం సిలికాన్ స్ప్రే కొట్టే అలవాటు కొందరికి ఉంది. దానికి దుమ్ము ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది, ఫ్యాన్ బెల్టు మీద పడితే స్టార్ట్ చేయగానే కీచుమంటుంది. మానేయండి.

కుళాయి పైపుతో కడగడం. ఆయిల్ లీకై ఇంజిన్ ఒక పక్కంతా నల్లగా మడ్డి కట్టినప్పుడు, ఎలుకల కంపు గుడ్డకు లొంగనప్పుడు ఇదే దారి. కానీ పైపు పట్టుకునే ముందు చేయాల్సిన పని కడగడం కంటే ఎక్కువ. ఇంజిన్ చేత్తో తాకగలిగేంత చల్లారాలి, ఎందుకంటే కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీదో టర్బో మీదో చల్లనీళ్ళు పడితే ఇనుము ఒక్కసారిగా కుంచించుకుని పగుళ్ళు పట్టే ప్రమాదం ఉంది. బ్యాటరీ నెగటివ్ విప్పాలి. ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), ఎయిర్ ఫిల్టర్ నోరు, పెట్రోల్ కారైతే పైన కాయిల్స్ వరుస, ఇవన్నీ పాలిథిన్ కవర్లతో చుట్టి రబ్బరు బ్యాండ్లు వేయాలి. డిప్‌స్టిక్, ఆయిల్ మూత బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత డీగ్రీజర్ కింది నుంచి పైకి కొట్టి, ఎండిపోకముందే సన్నటి ధారతో పై నుంచి కిందికి కడగాలి. కవర్లు తీశాక నీళ్ళు ఎక్కడా నిలవలేదని చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి.

మన దగ్గర ఇంకో తంటా బోరు నీళ్ళు. వాటిలో లవణాలు ఎక్కువుంటే ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. బాడీ మీద అయితే మచ్చ, కనెక్టర్ పిన్నుల మీద అయితే మళ్ళీ తేమ తగిలినప్పుడల్లా కరెంటు పక్కదారి పట్టడానికి అది వంతెన అవుతుంది. కనీసం చివరి కడుగు ఆర్‌ఓ నీళ్ళతో కానివ్వండి, ఒక్క బకెట్టే కదా.

స్టీమ్ వాష్. జిడ్డు కరిగించడంలో ఇది ముందుంటుంది, నీళ్ళు కూడా తక్కువే వాడతారు. అయితే ఆవిరి చల్లబడితే నీళ్ళే అవుతుంది, పైగా వేడితో సన్నటి సందుల్లోకి దూరుతుంది. కనెక్టర్లకు దూరంగా, నెమ్మదిగా పట్టే చెయ్యి అయితే మంచిదే. పట్టేవాడికి కాయిల్ ఎక్కడుందో తెలుసో లేదో అడిగి చూడండి, జవాబును బట్టి తేల్చుకోండి.

ప్రెషర్ గన్. టైరులో గాలి రెండు బార్‌కు కాస్త పైన ఉంటుంది. ఇళ్ళకు అమ్మే చిన్న ప్రెషర్ వాషర్ కూడా నూరు బార్‌కు అటూ ఇటూ కొడుతుంది. "కార్ కనెక్టర్లు వాటర్‌ప్రూఫ్ కదా, ఏం కాదు" అని వాదించేవాళ్ళ కోసం చెప్తున్నా: ఐపీ67 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా తట్టుకుంటుందని అర్థం. జెట్ దెబ్బకు తట్టుకుంటుందని కాదు. దానికి ఐపీ69కె అని వేరే పరీక్ష ఉంది, 80 డిగ్రీల వేడి నీళ్ళను 80 నుంచి 100 బార్‌తో దగ్గర నుంచి కొట్టి చూస్తారు. బానెట్ కింద ఉన్న ప్రతి కనెక్టరూ దానికి తగినదని నమ్మడానికి లేదు, పైగా ఏళ్ళ తరబడి ఇంజిన్ వేడికి రబ్బరు సీళ్ళు గట్టిపడి ఉంటాయి. కొత్త బండిలో ఆగిన నీళ్ళు పదేళ్ళ బండిలో ఆగవు.

డీజిల్, కిరోసిన్ స్ప్రే కొట్టి "ఇంజిన్ పాలిష్" అనేవాళ్ళను ఇంజిన్ జోలికి పోనివ్వకండి. రబ్బరు పైపులు ఉబ్బుతాయి, వేడి ఎగ్జాస్ట్ మీద పడితే పొగే కాదు, నిప్పు కూడా.

బండిని బట్టి ఒక మాట. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గులు ఉండవు కాబట్టి ఈ రకం మిస్సింగ్ భయం తక్కువ, కానీ కామన్ రైల్ ఇంజెక్టర్ల కనెక్టర్లు, సెన్సార్లు ఉంటాయి, అందుకని గన్‌కు లైసెన్స్ దొరికినట్టు కాదు. డిస్ట్రిబ్యూటర్ మూత ఉన్న పాత పెట్రోల్ బళ్ళు తేమకు అన్నిటికంటే తొందరగా మొరాయిస్తాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బళ్ళలో నారింజ రంగు కేబుళ్ళు కనపడితే అవి హై వోల్టేజీవి, అక్కడ గుడ్డ తప్ప ఇంకేమీ వద్దు.

నీళ్ళు పడ్డాక మిస్సింగ్ వస్తే

ఇప్పటి పెట్రోల్ కార్లలో ఎక్కువగా ఒక్కో సిలిండర్ మీద ఒక్కో కాయిల్ ఉంటుంది. దాని కింద ఇంజిన్ తలలోకి దిగిన ఇరుకైన గొట్టం లాంటి గుంత, ఆ గుంత అడుగున ప్లగ్గు. కాయిల్ వేల వోల్టుల కరెంటు పుట్టిస్తుంది, 20,000 దాటడం మామూలే. ఆ కరెంటు ప్లగ్గు కొసలో, సిలిండర్ లోపల దూకాలి. గుంతలో నీళ్ళుంటే ప్లగ్గు తెల్ల పింగాణీ మీదుగా పక్కనున్న ఇనుములోకి పారిపోతుంది, లోపల స్పార్క్ పడదు, పెట్రోల్ మండకుండానే బయటికి పోతుంది. నాలుగు సిలిండర్లలో ఒకటి పోతేనే బండి వణుకుతుంది, మన దగ్గర చిన్న కార్లు చాలావరకు మూడు సిలిండర్లవి, వాటిలో ఒకటి పోతే మూడో వంతు బలం పోయినట్టే.

ఇంజిన్ లైటు ఆగకుండా వెలుగుతుంటే నెమ్మదిగా షాపు దాకా పోవచ్చు. మిణుకుతుంటే మాత్రం పక్కన ఆపేయండి. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే డబ్బా) లోకి పోయి అక్కడ మండుతుంది, అది కరిగిపోతే దాని ఖర్చు ముందు కాయిల్ ఖర్చు చిల్లర.

ఆరబెట్టడంలో కూడా మంచి చెడు ఉంది. అందరూ ముందు చేసేది స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో పెట్టడం, "వేడికి అదే ఆరిపోతుంది" అని. బయట కనెక్టర్ మీద పడ్డ తడి అట్లా ఆరవచ్చు. గుంతలో నీళ్ళు ఆరవు, ఎందుకంటే కాయిల్ రబ్బరు మూత పైన బిగుసుకుని ఉంటుంది, ఆవిరికి దారి లేదు. ఈలోపు కరెంటు పింగాణీ మీదుగా పారి పారి సన్నటి నల్ల గీత పడుతుంది. ఒకసారి గీత పడిందంటే నీళ్ళు పూర్తిగా ఆరినా కరెంటు ఆ దారినే పోతుంది, ప్లగ్గూ, దాన్ని కప్పే కాయిల్ రబ్బరు బూటూ మార్చక తప్పదు. ఐడిలింగ్ సలహా ఇచ్చేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. ఎండలో బానెట్ ఎత్తి పెట్టడం కూడా అంతే, మే నెల ఎండైనా సరే పైపైన ఆరుతుంది, గుంతలోకి చేరదు.

పనిచేసేది కాయిల్ బయటికి తీసి గాలి పట్టడం. ఇంజిన్ చల్లారాక, తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ విప్పి, కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి ఊడదీసి, బోల్టు విప్పి (చాలా బళ్ళలో 10 నంబర్ స్పానర్ పడుతుంది), కాయిల్‌ను అటూ ఇటూ కాస్త తిప్పుతూ పైకి లాగాలి. టార్చ్ వేసి గుంతలో చూడండి. నీళ్ళు మెరుస్తుంటే ప్లగ్గు ముట్టుకోకండి. నీళ్ళుండగా ప్లగ్గు విప్పితే అవన్నీ సిలిండర్‌లో పడతాయి. ముందు సన్న పైపు పెట్టిన సిరంజితో లాగేసి, తర్వాత గాలి పట్టాలి. ఇంట్లో కంప్రెసర్ లేకపోతే పంక్చర్ షాపులో ఉంటుంది, రేణిగుంట రోడ్డైనా కరకంబాడి రోడ్డైనా కాస్త దూరానికొకటి కనిపిస్తుంది. అయితే "అన్నా, ట్యాంకు అడుగున నీళ్ళు ఒకసారి వదిలి కొట్టన్నా" అని అడగడం మర్చిపోకండి, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్ళు గాలితో పాటే వస్తాయి. గాలి పట్టేటప్పుడు కళ్ళకు అద్దాలు పెట్టుకోండి, గుంతలో ఇసుక పైకి ఎగురుతుంది.

హెయిర్ డ్రయ్యర్ కూడా పనిచేస్తుంది, ఆలస్యంగా. కనెక్టర్ పిన్నులకు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే మంచిది, కానీ అది మండే గుణం ఉన్నది, పూర్తిగా ఆవిరయ్యాకే బ్యాటరీ కలపాలి. డబ్ల్యూడీ-40 కొడితే నీళ్ళు పక్కకు పోతాయి నిజమే, నూనె పొర మాత్రం మిగులుతుంది, కాయిల్ రబ్బరు బూటు లోపల దాన్ని వదిలేయడం నాకు ఇష్టం లేదు. తిరిగి బిగించేటప్పుడు బూటు అంచు లోపల డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని రకం) రవ్వంత రాస్తే ఈసారి తేమ లోపలికి రాదు.

ఆరాక కూడా మిస్సింగ్ ఉంటే అప్పుడు బండి కంప్యూటర్ నమోదు చేసిన తప్పు కోడ్ చూడాలి. ఆ కోడ్ చదివే చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఫోన్‌కు కలిపినా చాలు. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది, అట్లా వరుసగా. పీ0300 వస్తే ఒక్కచోటని చెప్పలేం. ఉదాహరణకు పీ0302 వచ్చింది, రెండో కాయిల్ తీసి మూడోదాని చోట, మూడోది రెండోదాని చోట పెట్టి, కోడ్ చెరిపేసి మళ్ళీ నడపండి. ఈసారి పీ0303 వస్తే కాయిల్ పోయినట్టు. పీ0302నే మళ్ళీ వస్తే ప్లగ్గో, వైరింగో, ఇంజెక్టరో. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. దీన్ని చేయకుండానే "కాయిల్ సెట్టు మొత్తం మార్చాల సార్" అనే మెకానిక్ దగ్గర కాసేపు ఆలోచించండి. నా లెక్కలో, పోయిన కాయిల్ ఒక్కటే మార్చాలి, ప్లగ్గులు మార్చే గడువు దగ్గర పడితే అవి మాత్రం సెట్టుగా మార్చాలి. కాయిల్ విషయంలో కంపెనీ పార్టే తీసుకోండి, పాతది చేతికి ఇమ్మనండి.

కొన్నిసార్లు నీళ్ళ తప్పే ఉండదు. గుంతలో నీళ్ళకు బదులు ఇంజిన్ ఆయిల్ కనపడితే వాల్వ్ కవర్ సీలు పోయిందని, కడిగినా కడగకపోయినా మిస్సింగ్ వచ్చేదే. తుడిచేటప్పుడు ఊడిన వ్యాక్యూమ్ పైపు, టిక్కుమనేదాకా నొక్కని కనెక్టర్, ఎలుక కొరికిన ఇంజెక్టర్ వైరు, ఇవన్నీ చూడండి. అసలు స్టార్టే కాకపోతే, లేదా ఒక సిలిండర్ అని కాకుండా మొత్తం బలం పడిపోతే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పేది) తడిసిందేమో, ఎయిర్ ఫిల్టర్ తడిసి ముద్దయిందేమో చూసుకోవాలి.

తిరుపతిలో ఉండేవాళ్ళకు ఇంకో సంగతి. బాగయిందని టౌన్‌లో ఒక రౌండ్ వేసి తేల్చుకోకండి. చదును రోడ్డు మీద యాక్సిలరేటర్ తక్కువ తొక్కుతాం, సిలిండర్ లోపల ఒత్తిడి తక్కువ, కాబట్టి తక్కువ వోల్టేజీకే స్పార్క్ పడుతుంది. ఘాట్‌లో రెండో గేరులో నొక్కి పట్టినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కువ వోల్టేజీ కావాలి, రవ్వంత తేమ మిగిలినా, కాయిల్ సగం దెబ్బతిన్నా అప్పుడే బయటపడుతుంది. కొండకు పోయే రెండో ఘాట్ రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు, మధ్యలో వెనక్కి తిరగడానికి లేదు. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఎక్కించుకున్నాక అక్కడ టెన్షన్ పడే బదులు ముందే భాకరాపేట ఘాట్ వైపో, ఏదైనా పెద్ద ఫ్లైఓవర్ మీదో పై గేరులో నొక్కి చూడండి. అసలు కొండ ప్రయాణానికి ముందు రోజు ఇంజిన్ కడిగించనే వద్దు. వచ్చాక కడిగించుకోవచ్చు.

వాన నీళ్ళలో ఆగిపోతే లెక్క వేరు

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వానలు తెలిసినవే, 2021 నవంబర్‌లో తిరుపతి ఎట్లా మునిగిందో చూశాం. వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి లాంటి చోట నీళ్ళు నిలిస్తే అందులోకి దిగకండి, అది ఇంజిన్ మాటే కాదు, ప్రాణం మాట. తెలియక కాస్త లోతు నీళ్ళలో పోయి బండి ఆగిపోతే, ఇంజిన్ కడిగాక వచ్చే మిస్సింగ్ లాంటిదే అనుకుని మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టకూడదు. ఎయిర్ ఇన్‌టేక్ ద్వారా నీళ్ళు సిలిండర్‌లోకి పోయి ఉంటే, నీళ్ళు గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ ఇంజిన్లకు కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ.

తోసి బయటికి తెచ్చి, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ విప్పి చూడండి. ఫిల్టర్ పొడిగా ఉంటే లోపలికి పోలేదని కాస్త ధైర్యం, ఎలక్ట్రికల్ తడి ఆరబెట్టుకునే దారిలో పోవచ్చు. తడిగా ఉన్నా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో నురగగా కనపడినా స్టార్ట్ చేయకుండా టోయింగ్ పిలవండి. ప్లగ్గులు తీసి నీళ్ళు తోడటం, ఆయిల్, ఫిల్టర్లు మార్చడం షాపులోనే జరగాలి. మామూలు కాంప్రెహెన్సివ్ పాలసీలో, నీళ్ళలో ఆగాక సెల్ఫ్ కొట్టి పాడైన ఇంజిన్‌కు డబ్బులు రావడం కష్టం, అందుకు ఇంజిన్ ప్రొటెక్షన్ అని యాడ్-ఆన్ విడిగా అమ్ముతారు. పాలసీ రెన్యువల్ దసరా లోపు వస్తుంటే ఏజెంట్‌ను అది ఉందో లేదో అడగండి, ఉంటే సెల్ఫ్ మళ్ళీ కొట్టిన కేసుల్లో వర్తిస్తుందో లేదో కూడా షరతుల్లో చదివించుకోండి.